మిగిలిన ముద్ద ఎవరికి?

నలభై రోజుల ఒక్కపొద్దు వెనుక అసలు లెక్క ఇదీ... సరిహద్దు తెలుగు క్రైస్తవుల ఇళ్లలో తపఃకాలం

2025లో పది రోజుల తేడాలో మూడు మతాలవాళ్లు ఉపవాసం పట్టారు. ఫిబ్రవరి 26న మహాశివరాత్రి. మార్చి 2న రంజాన్ తొలి రోజా. మార్చి 5న క్రైస్తవుల విభూది బుధవారం. ఒక ఇంట్లో జాగారం, పక్కింట్లో సహరీ, ఆ పక్కింట్లో ఒక్కపొద్దు. మూడు కులాలు, నాలుగు భాషలు కలిసి బతికే సరిహద్దు ఊళ్లలో ఇది కొత్తేమీ కాదు. పక్కింటివాళ్లు ఉపవాసముంటే ఆ పూట గుమ్మం ముందు మాంసం కూర వాసన రాకుండా చూసుకోవడం ఇక్కడివాళ్లకు ఎవరూ నేర్పనక్కర్లేని మర్యాద.

శివరాత్రి ఒక్కరోజుతో అయిపోతుంది. రంజాన్ నెల రోజులు. క్రైస్తవుల తపఃకాలం మాత్రం నలభై రోజుల పైమాట. ఇన్నాళ్లూ ఏం చేస్తారు? మాంసం మానేస్తారు, శుక్రవారం గుడికి వెళ్తారు, పెళ్లిళ్లు పెట్టుకోరు... బయటివాళ్లకు కనిపించేది ఇంతే. లోపలివాళ్లలోనూ చాలామందికి ఇంతవరకే తెలుసు. అసలు సంగతి దీని తర్వాత మొదలవుతుంది. మానేసిన పూట భోజనం ఎక్కడికి పోయింది, ఎవరి కంచంలోకి చేరింది అన్నదే ఈ కాలం అడిగే ప్రశ్న.

పేర్లు పది, కాలం ఒకటే

కేథలిక్కులు దీన్ని 'తపఃకాలం' అంటారు. ప్రొటెస్టెంట్ సంఘాల్లో 'శ్రమల దినాలు' అనో, 'లెంటు' అనో అంటారు. సరిహద్దు దాటి స్థిరపడిన తెలుగువాళ్లకు ఇరుగుపొరుగు పేర్లు కూడా నోట్లోనే ఉంటాయి. తమిళనాడులో 'తవక్కాలం', కర్ణాటకలో 'తపస్సు కాల'. మొదటి రోజు తెలుగులో విభూది బుధవారమైతే తమిళంలో 'సాంబల్ పుదన్', కన్నడంలో 'బూది బుధవార'. మట్టల ఆదివారాన్ని తమిళులు 'కురుత్తోలై ఞాయిరు' అంటారు, మరాఠీలు 'ఝావళ్యాంచా రవివార్' అంటారు. తపస్సు, బూడిద, మట్ట. మాట మారినా వస్తువు మారలేదు.

చెన్నై, బెంగళూరు లాంటి చోట్ల పక్కింట్లో మలయాళీ సిరియన్ క్రైస్తవులుంటే వాళ్ల 'అంబదు నోంబు' ఇంకా కఠినంగా కనిపిస్తుంది. నిష్ఠగా పాటించేవాళ్లు ఆ యాభై రోజులూ మాంసం, చేపలు, గుడ్లు, పాలు అన్నీ మానేస్తారు. వాళ్లకు బూడిద పెట్టేది బుధవారం కాదు, సోమవారం.

అందరూ పాటిస్తారా అంటే, లేదు. ఉపవాసానికి బైబిలు నెలా తారీఖూ పెట్టలేదు కదా అని దీన్ని పక్కన పెట్టిన సంఘాలూ తెలుగువాళ్లలో ఉన్నాయి. బాప్టిస్టులకు మొదటినుంచీ ఇది సంప్రదాయం కాదు. అయినా ఇవాళ అలాంటి సంఘాల్లో కూడా కొన్ని ఈ నలభై రోజులూ సాయంత్రం పూట గృహ కూడికలు పెట్టుకుంటున్నాయి. పేరు ఏదైనా గుడ్ ఫ్రైడే నాటికి అందరూ ఒకేచోటికి చేరతారు.

నుదుటి మీద బూడిద

కిందటేడు మట్టల ఆదివారం నాడు గుడిలో ఇచ్చిన మట్టలను ఇంటికి తెచ్చి సిలువ బొమ్మ వెనకాలో, గుమ్మం పైనో దోపుతారు. ఏడాది తిరిగేసరికి అవి ఎండి గలగలలాడుతుంటాయి. విభూది బుధవారానికి ముందు వాటిని మళ్లీ గుడికి తెచ్చి ఇస్తారు. వాటిని కాల్చిన బూడిదే ఆ రోజు నుదుటి మీదికి వస్తుంది.

బూడిద పెడుతూ గురువు చెప్పే మాట చిన్నది. మనిషి మట్టి నుంచి వచ్చాడు, మట్టిలోకే పోతాడు అని గుర్తుచేస్తారు. లేదా మనసు మార్చుకుని సువార్తను నమ్మమంటారు. అప్పటిదాకా వరసలో ముందు నిలబడ్డ మేస్త్రీకి, వెనక నిలబడ్డ కూలీకి, బ్యాంకు ఆఫీసరుకీ అదే మాట, అదే బూడిద. తెలుగువాళ్లకు విభూది కొత్త కాదు. శివుడి గుడిలో పెట్టుకునే విభూతి కూడా దేహం నిలిచేది కాదనే చెబుతుంది. తెలుగు కేథలిక్కులు ఆ మాటనే తీసుకుని వాడుకుంటున్నారు.

ఇక్కడే ఒక తిరకాసు ఉంది. ఆ రోజు గుడిలో చదివే సువార్త మత్తయి 6వ అధ్యాయంలోది. దానం చేస్తే చాటింపు వేయొద్దు, ప్రార్థన చేస్తే తలుపు మూసుకుని చేయండి, ఉపవాసముంటే మొహం వేలాడేయకుండా తలకు నూనె రాసుకుని మొహం కడుక్కోండి అని క్రీస్తు చెప్పిన భాగం. అది విని, వెంటనే లేచి వెళ్లి నలుగురికీ కనిపించేలా నుదుట బూడిద పెట్టించుకోవడం! దీనికి పెద్దలు చెప్పే సమాధానం ఒక్కటే. బూడిద నేను భక్తిపరుణ్ణి అనడానికి కాదు, నేను తప్పు చేసినవాణ్ణి అనడానికి. గొప్ప చెప్పుకోవడానికి అందులో ఏమీ లేదు.

నలభై ఎందుకు?

కేలండరు పట్టుకుని లెక్కేస్తే బూడిద బుధవారం నుంచి ఈస్టర్ ముందురోజు శనివారం దాకా 46 రోజులు వస్తాయి. మధ్యలో ఆరు ఆదివారాలు. ఆదివారం క్రీస్తు లేచిన రోజు కాబట్టి ఉపవాసం లెక్కలోకి రాదు. అవి తీసేస్తే సరిగ్గా నలభై. నోవహు కాలంలో వాన కురిసింది నలభై పగళ్లూ నలభై రాత్రులూ. సీనాయి కొండ మీద మోషే ఉన్నది నలభై రోజులు. ఏలీయా హోరేబు కొండకు నడిచింది నలభై రోజులు. ఇశ్రాయేలీయులు ఎడారిలో తిరిగింది నలభై ఏళ్లు. క్రీస్తు ఎడారిలో ఉపవాసమున్నదీ నలభై రోజులే. బైబిల్లో నలభై అంటే ఒక బతుకు పోయి ఇంకో బతుకు మొదలవడానికి పట్టే కాలం.

క్రీ.శ. 325లో నికేయాలో జరిగిన సభ నిర్ణయాల్లోనే ఈ నలభై రోజుల కాలం ప్రస్తావన ఉంది. మొదట్లో ఇది కొత్తగా బాప్తిస్మం పొందబోయేవాళ్ల తయారీ కాలం. ఈస్టర్ ముందు రాత్రి జాగరణలో వాళ్లకు బాప్తిస్మం ఇచ్చేవారు. తర్వాత తర్వాత మిగతా విశ్వాసులంతా వాళ్లతో కలిసి ఉపవాసం ఉండటం అలవాటైంది. అంటే పుట్టుకలోనే ఇది ఒంటరి ఉపవాసం కాదు, తోడు ఉపవాసం.

ఈస్టర్ ఏటా మారడానికి కారణం చంద్రుడు. మార్చి 21న గానీ ఆ తర్వాత గానీ వచ్చే పున్నమి దాటిన ఆదివారం ఈస్టర్. అందుకే అది మార్చి 22కూ ఏప్రిల్ 25కూ మధ్య ఎక్కడైనా పడొచ్చు. అది చాలా ఏళ్లలో చైత్ర పున్నమే అవుతుంది కాబట్టి ఉగాది తరచుగా ఈ నలభై రోజుల్లోనే వస్తుంటుంది. 2025లో మార్చి 30న వచ్చిన ఉగాది అలా వచ్చిందే. ఆ రోజు ఆదివారం కూడా కావడంతో పక్కింటి ఉగాది పచ్చడికీ బొబ్బట్టుకీ అడ్డు లేకపోయింది.

కూర మారితే సరిపోదు

కేథలిక్కుల కట్టడ ప్రకారం విభూది బుధవారం, పవిత్ర శుక్రవారం రెండు రోజులూ ఒక్కపొద్దు. పద్దెనిమిది నిండినవాళ్ల నుంచి అరవయ్యో ఏట అడుగుపెట్టే దాకా దీన్ని పాటించాలి. ఒకసారే కడుపునిండా భోజనం. మిగతా రెండు పూటలూ కావాలంటే కొద్దిగా. తపఃకాలంలో శుక్రవారాలు మాంసం ముట్టరాదు. దీన్ని 'శుద్ధభోజనం' అంటారు. పద్నాలుగేళ్లు దాటినవాళ్లందరికీ ఇది వర్తిస్తుంది. పూర్వం నియమాలు దీనికి ఎన్నో రెట్లు గట్టిగా ఉండేవి. 1966లో పోపు ఆరవ పాల్ వాటిని సడలించారు. సడలించడమే కాదు, కడుపు మాడ్చుకోవడం కన్నా ప్రార్థన, దయగల పనులు ముఖ్యమని నొక్కి చెప్పారు.

నియమంలో మాంసం వద్దన్నారు గానీ చేపలు వద్దనలేదు. ఇదెక్కడ నవ్వు తెప్పిస్తుందో గోదావరి వాళ్లకు చెప్పక్కర్లేదు. గౌతమి ఒడ్డున యానాంలో 1846 నాటి పునీత అన్నమ్మ గుడి ఉంది. 1954 దాకా ఫ్రెంచివాళ్ల ఏలుబడిలో ఉన్న ఊరు. చుట్టూ నది, కాలవలు, సముద్రం దగ్గర. ఇలాంటి చోట కోడికూర మానేసి చందువా వేపుడు, రొయ్యల ఇగురు చేసుకుంటే నియమం తప్పినట్టు కాదు. కానీ దాన్ని త్యాగం అని ఎవరైనా అంటారా? నాలుగొందలు పెట్టి మాంసం కొనేవాడు ఏడొందలు పెట్టి చేప కొంటే ఉపవాసం ఖర్చు పెంచినట్టయింది.

అందుకే తెలిసిన గురువులు, పాస్టర్లు ఏటా ఈ రోజుల్లో యెషయా ప్రవక్త గ్రంథం 58వ అధ్యాయం తీస్తారు. ఉపవాసముండి కూడా పనివాళ్లను పీడిస్తూ, తగవులాడుకుంటూ ఉన్న జనాన్ని ఆ ప్రవక్త నిలదీస్తాడు. ఆకలిగొన్నవాడికి అన్నం పంచడం, నిలువ నీడ లేనివాణ్ణి ఇంట్లోకి పిలవడం, బట్టలేనివాడికి బట్ట ఇవ్వడం, అన్యాయపు కట్లు విప్పడం. దేవుడు కోరే ఉపవాసం ఇదని ఆ అధ్యాయం సారాంశం. కూర మార్చడం గురించి అందులో ఒక్క మాటా లేదు.

తెలుగులో 'ఉపవాసం' అన్న మాటలోనే ఇది ఉంది. ఉప అంటే దగ్గర, వాసం అంటే ఉండటం. దగ్గరగా ఉండటమే ఉపవాసం. ఎవరికి దగ్గరగా? దేవుడికి అని అందరూ చెబుతారు. ఆకలిగా ఉన్నవాడికి కూడా అని యెషయా చెబుతాడు.

కోరని ఆకలి

తెలుగు క్రైస్తవుల చరిత్రలో ఆకలికి ఇంకో పేరుంది. అది ఉపవాసం కాదు, పస్తు. ఉపవాసం మనం కోరుకునేది. పస్తు మన మీద పడేది.

1876-78 మధ్య మద్రాసు ప్రెసిడెన్సీని కరువు పట్టి పీడించింది. ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ అప్పట్లో బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల పని కంట్రాక్టుకు తీసుకుని కరువు జనానికి పని, కూలి ఇప్పించాడు. ఆ కాలువ ఆంధ్ర తీరం వెంబడి దిగి చెన్నై నగరం గుండా పోతుంది. ఆ పనిలో చేరిన పేదలు చాలామంది బాప్తిస్మం అడిగారు. ఆయన ఇవ్వలేదు. తిండి కోసం మతంలో కలిశారన్న మాట రాకూడదని కరువు తగ్గేదాకా ఆపాడు. చివరికి 1878 జులై 3న గుండ్లకమ్మ నదిలో ఒకే రోజు 2,222 మంది బాప్తిస్మం పొందారు. తెలుగు సంఘ చరిత్ర చదివినవాళ్లు మరచిపోలేని అంకె అది.

ఆ తరం వాళ్లకు ఆకలి దేవుడి కోసం పడిన కష్టం కాదు, బతుకులో రోజూ ఉన్న కష్టం. వాళ్ల మునిమనవలు ఇవాళ టీచర్లు, నర్సులు, రైల్వే ఉద్యోగులు, సాఫ్ట్‌వేరు ఇంజినీర్లు. పొద్దున టిఫిను మానేసి కూర్చున్నప్పుడు వచ్చే చిన్న ఆకలి వాళ్లకు ముత్తాతల పెద్ద ఆకలిని గుర్తుచేయాలి. లేకపోతే అది ఒంటికి మంచిదని డాక్టరు చెప్పిన పథ్యంతో సమానం.

ఇప్పటికీ పస్తులు తెలిసిన చోట్లు లేకపోలేదు. కోలార్ బంగారు గనుల్లో తెలుగువాళ్లు, తమిళులు తరాల తరబడి భూమి లోపల పనిచేశారు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. ఆ తర్వాత అక్కడి కుటుంబాలకు బెంగళూరే దిక్కయింది. తెల్లవారకముందే రైలెక్కి, రాత్రి పొద్దుపోయాక ఇల్లు చేరే బతుకు. అలాంటివాళ్లను ఒక్కపొద్దు ఉండమని ఎవరూ అనరు. రోగులకు, గర్భిణులకు, పసిబిడ్డల తల్లులకు, ఒళ్లు వంచి కష్టం చేసేవాళ్లకు సడలింపు ఇవ్వడం క్రైస్తవుల్లో పాత ఆచారమే. రోజంతా ఇటుకలు మోసేవాడి టిఫిను డబ్బా ఖాళీ చేయమని దేవుడు అడగడు. ఆ డబ్బాలో ఇంకో గరిటె అన్నం ఎవరు పెడతారని అడుగుతాడు.

పిడికెడు బియ్యం

దీనికి తెలుగు ఇల్లాళ్లు ఎప్పుడో ఒక దారి కనిపెట్టారు. వంటకు బియ్యం కొలిచేటప్పుడు ఎసట్లో పోసేముందు ఒక పిడికెడు తీసి పక్కన కుండలో వేయడం. నెలకో, పండక్కో ఆ బియ్యం గుడికి చేరుతుంది. అక్కడి నుంచి లేనివాళ్ల ఇంటికి పోతుంది. చాలా పల్లె సంఘాల్లో, స్త్రీల సమాజాల్లో ఇది పాత అలవాటు. మామూలు రోజుల్లో మరిచినవాళ్లు కూడా లెంటులో మళ్లీ డబ్బా కడిగి పెట్టుకుంటారు.

ఇందులో ఉన్న తెలివి చిన్నది కాదు. పిడికెడు తీస్తే ఇంట్లో ఎవరికీ కడుపు మాడదు. తీసినట్టు కూడా తెలియదు. కానీ రోజుకు రెండుసార్లు, నలభై రోజులు అంటే ఎనభై పిడికిళ్లు. ఒక చిన్న కుటుంబానికి కొన్నాళ్ల తిండి. పైగా ఇచ్చినావిడ పేరు బియ్యం మీద రాసి ఉండదు. అందరి పిడికిళ్లూ ఒకే బస్తాలో కలిసిపోతాయి. చాటింపు వేయొద్దన్న సువార్త మాట ఇక్కడ చెప్పకుండానే నెరవేరుతుంది.

ఇచ్చేది ఉన్నవాళ్లేనా? దోర్నకల్ బిషప్ వి.ఎస్. అజరయ్య ఈ విషయంలో గట్టి మనిషి. తిరునెల్వేలి ప్రాంతంలో తమిళ కుటుంబంలో పుట్టి, తెలుగు నేర్చుకుని తెలుగు పల్లెల్లో బతికారు. 1912లో దోర్నకల్ బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన తొలి భారతీయుడు ఆయనే. పేద సంఘాలు కూడా ఒకరి మీద ఆధారపడకుండా తమకు చేతనైనంత ఇవ్వాలని ఆయన బోధించారు. పేదవాడు ఇచ్చేవాడయినప్పుడే తల ఎత్తుకుంటాడన్నది దాని వెనుక ఆలోచన. 1945లో కన్నుమూసేదాకా ఆయన పని ఆ నేల మీదే.

కేథలిక్కుల్లో ఇదే పని ఇంకోలా సాగుతుంది. 1962లో ఏర్పడిన కారితాస్ ఇండియా ఏటా తపఃకాలంలో ఆకలి, రోగాల మీద పోరుకు విరాళాలు సేకరిస్తుంది. పిల్లలు చాక్లెట్ల డబ్బులు, పెద్దవాళ్లు సిగరెట్ల డబ్బులు మిగిల్చి ఇస్తుంటారు. ఎంత ఇచ్చారన్నది కాదు, దేన్ని మానేసి ఇచ్చారన్నది అక్కడి లెక్క.

పద్నాలుగు మజిలీలు

తపఃకాలం శుక్రవారాల్లో కేథలిక్కు గుడుల్లో సిలువ మార్గం చేస్తారు. పాతవాళ్లు 'స్లీవ మార్గం' అంటారు. క్రీస్తుకు మరణశిక్ష వేసిన దగ్గర్నుంచి సమాధిలో పెట్టేదాకా పద్నాలుగు మజిలీలు. ఒక్కో మజిలీ దగ్గర మోకరించి ప్రార్థన చేసి ముందుకు సాగుతారు. యెరూషలేముకు యాత్ర చేయలేనివాళ్లు తమ ఊళ్లోనే ఆ దారి నడవడానికి పుట్టిన భక్తి ఇది. మజిలీలు పద్నాలుగని 1731లో పోపు పన్నెండవ క్లెమెంట్ స్థిరపరిచారు.

కొండలున్న చోట ఇది కొండెక్కుతూ చేస్తారు. విజయవాడ గుణదలలో కొండ దారి పొడవునా ఈ మజిలీలున్నాయి. చెన్నైలో సెయింట్ థామస్ మౌంట్ మెట్ల వెంబడి కూడా పద్నాలుగూ ఉన్నాయి. ఒకే మెట్ల మీద ఒక గుంపు తమిళంలో, వెనకాల గుంపు తెలుగులో, ఇంకో గుంపు మలయాళంలో ప్రార్థించినా ఎవరికీ ఎవరూ అడ్డు కాదు. ఆగే చోట్లు అందరికీ అవే.

ఆ మజిలీల్లో మనసుకు పట్టేవి రెండు. అయిదో మజిలీలో కురేనే ఊరి సీమోను సిలువ మోస్తాడు. తనంతట తాను ముందుకు రాలేదు. పొలం నుంచి వస్తుంటే సైనికులు పట్టుకుని మోయించారు. ఊరు కాని ఊరివాడు. బతుకుతెరువుకు ఎక్కడికో వచ్చి, అనుకోకుండా ఇంకొకరి బరువు నెత్తిన వేసుకున్న మనిషి. వలస కుటుంబాలకు ఈయన దగ్గరివాడిలా కనిపిస్తాడు. ఆరో మజిలీలో వెరోనికా అన్న స్త్రీ జనాన్ని తోసుకుంటూ వెళ్లి రక్తం కారుతున్న ఆ మొహాన్ని తుడుస్తుంది. ఈ కథ బైబిల్లో లేదు, భక్తుల నోట వచ్చింది. అయినా జనం దాన్ని వదులుకోలేదు. శిక్షను ఆపే శక్తి ఆమెకు లేదు. ఒక గుడ్డముక్క ఉంది. అదే ఇచ్చింది.

భాష సంగతి కూడా ఇక్కడ చెప్పుకోవాలి. సరిహద్దు అవతల పుట్టి పెరిగిన పిల్లలు బడిలో చదివేది కన్నడమో, తమిళమో, ఒడియానో, మరాఠీనో, ఇంగ్లిషో. తెలుగు మాట్లాడతారు, చదవలేరు. అమ్మమ్మలకు నోటికి వచ్చిన ప్రార్థనలు మనవలు అక్షరాలా చూసి చదవలేరు. వారానికోసారి పద్నాలుగు మజిలీల దగ్గర అందరితో కలిసి గొంతు కలిపితే, ఆరు వారాల్లో సగం ప్రార్థన నోటికి వచ్చేస్తుంది. చదువుకోని ముత్తవ్వలు నేర్చుకున్నదీ ఇలాగే, చెవి ద్వారా.

కాళ్లు కడిగే గురువారం

మట్టల ఆదివారంతో పెద్దవారం మొదలవుతుంది. కొబ్బరి మట్టలో, ఈత మట్టలో పట్టుకుని ఊరేగింపుగా గుడికి వెళ్తారు. యెరూషలేములో ఆ రోజు జేజేలు కొట్టిన జనంలోనే కొందరు శుక్రవారానికి సిలువ వేయమని అరిచారని గురువులు చెబుతుంటారు. చేతిలో మట్ట పట్టుకున్నవాళ్లంతా ఆ మాట వినాలి.

గురువారం రాత్రి పూజలో గురువు పన్నెండు మంది పాదాలు కడుగుతారు. మన ఇళ్లలో కాళ్లకు నీళ్లివ్వడం తెలిసిన మర్యాదే. ఇంటికొచ్చిన చుట్టానికి చెంబుతో నీళ్లిస్తాం, అల్లుడి కాళ్లు కడుగుతాం. పెద్దవాళ్ల కాళ్లు చిన్నవాళ్లు కడగడం మన పద్ధతి. ఇక్కడ గురువే శిష్యుల కాళ్లు కడిగాడు. పద్ధతి తలకిందులైంది. 2013లో పోపు ఫ్రాన్సిస్ రోములో బాలనేరస్థుల జైలుకు వెళ్లి పన్నెండు మంది పాదాలు కడిగారు. వాళ్లలో ఆడపిల్లలున్నారు, ముస్లింలున్నారు. 2016లో స్త్రీల పాదాలు కూడా కడగవచ్చని నియమమే మార్చారు. ఆయన 2025 ఏప్రిల్ 21న, ఈస్టర్ మరునాడే కన్నుమూశారు.

ఆ రాత్రి పూజ మధ్యలో ఒకసారి మోగిన గంటలు మళ్లీ ఈస్టర్ జాగరణ దాకా మోగవు. రోజూ గంట విని లేచే పేటల్లో ఆ రెండు రోజుల నిశ్శబ్దం గుడికి వెళ్లనివాళ్లకు కూడా తెలుస్తుంది.

మూడు గంటల శుక్రవారం

గుడ్ ఫ్రైడే నాడు కేథలిక్కు గుడుల్లో పూజ ఉండదు. సిలువ ఆరాధన ఉంటుంది. ప్రొటెస్టెంట్ సంఘాల్లో సాధారణంగా మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా ఏడు మాటల ఆరాధన. క్రీస్తు సిలువ మీద పలికిన ఏడు మాటల మీద ఒక్కొక్కరు లేచి ధ్యానం చెబుతారు. ఎండ మండిపోతుంటుంది. ఫ్యాన్ల గాలి చాలదు. అయిదో మాట దగ్గరికి వచ్చేసరికి అందరికీ నోరు ఎండిపోతుంది. అది దాహం గురించిన మాటే కావడంతో ఆ మాట మీద పెద్దగా వివరణ అక్కర్లేదు.

తమిళనాడు, కేరళల్లో ఆరాధన అయ్యాక గంజి ఇవ్వడం చాలా గుడుల్లో ఆనవాయితీ. చెన్నై తెలుగువాళ్లకూ ఇది తెలిసినదే. ఉప్పు వేసిన గంజి, పక్కన పచ్చడో పెసలో. కార్లో వచ్చినవాళ్లూ, నడిచి వచ్చినవాళ్లూ ఒకే బంతిలో కూర్చుని అదే తాగుతారు. ఒకప్పుడు పేదవాడి ఇంట్లో రోజూ ఉన్న తిండి ఆ పూట అందరి తిండి అవుతుంది. నలభై రోజులు చేసిన బోధ అంతా ఆ గంజి గిన్నెలో కనిపిస్తుంది.

సమాధుల దగ్గర తెల్లవారితే...

శనివారం రాత్రి గుడి బయట కొత్తగా నిప్పు రాజేసి దాంతో పాస్కా కొవ్వొత్తి వెలిగిస్తారు. ఆ వెలుగు ఒకరి కొవ్వొత్తి నుంచి ఇంకొకరి కొవ్వొత్తికి పాకి చీకటి గుడంతా నిండుతుంది. ఇంకొకరికి ఇచ్చినందుకు ఎవరి వెలుగూ తగ్గదు.

చాలా తెలుగు ప్రొటెస్టెంట్ సంఘాలకు ఈస్టర్ మొదలయ్యేది శ్మశానంలో. దీన్ని కొన్నిచోట్ల 'సమాధుల పండుగ' అంటారు. వారం ముందే సమాధులకు సున్నం కొట్టి, పిచ్చిమొక్కలు పీకి శుభ్రం చేస్తారు. తెల్లవారుజామున పూలు, కొవ్వొత్తులు పట్టుకుని అక్కడికి వెళ్తారు. ఆదివారం వేకువన స్త్రీలు సమాధి దగ్గరికి వెళ్లి అది ఖాళీగా ఉండటం చూశారన్న సువార్త కథకు ఇది గుర్తు.

సరిహద్దు అవతల స్థిరపడిన కుటుంబాలకు ఆ వేకువ మరీ బరువైనది. వాళ్ల తాతలు పుట్టింది ఒకచోట, మట్టిలో కలిసింది ఇంకోచోట. నెల్లూరులో పుట్టినాయన చెన్నైలో, చిత్తూరులో పుట్టినావిడ కోలారులో. విభూది బుధవారం చెప్పిన మట్టి మాట నలభై రోజుల తర్వాత ఇక్కడ, ఈ పరాయి అనుకున్న మట్టి దగ్గర, అర్థమవుతుంది. మనవాళ్లు ఎక్కడ పడుకున్నారో అదే మన ఊరు.

ఆ రోజు దిక్కులేని సమాధులూ కనిపిస్తాయి. సున్నం లేదు, పూలు లేవు, పేరు చెరిగిపోయింది. పక్క సమాధికి వచ్చినవాళ్లు తమ కొవ్వొత్తుల్లో ఒకటి తీసి అక్కడ వెలిగించి పోవడం ఎవరూ చెప్పి చేయించేది కాదు. పిడికెడు బియ్యం పక్కన పెట్టిన చెయ్యికి ఇది కూడా అలవాటై ఉంటుంది. అంతా అయ్యాక ఇంటికి వెళ్లి మాంసం వండుకుంటారు, పండగ చేసుకుంటారు. ఆ ఒక్క పూట వంటలో పక్కింటి వాటా కూడా ఉంటే, నలభై రోజుల ఉపవాసం పనిచేసినట్టే.

ఎప్పుడెప్పుడు?

2026: విభూది బుధవారం ఫిబ్రవరి 18, మట్టల ఆదివారం మార్చి 29, గుడ్ ఫ్రైడే ఏప్రిల్ 3, ఈస్టర్ ఏప్రిల్ 5.

2027: విభూది బుధవారం ఫిబ్రవరి 10, మట్టల ఆదివారం మార్చి 21, గుడ్ ఫ్రైడే మార్చి 26, ఈస్టర్ మార్చి 28.